కాన్పు తరువాత రక్తస్రావము: గడ్డకట్టు పరీక్షలు చెప్పునదేమి?

కాన్పు దగ్గఱపడిన గర్భిణికి చేయించు రక్తపరీక్షల చీటీలో బి.టి., సి.టి. అను పేర్లు తఱచుగా కనబడును. మొదటిది, చర్మముపై చేసిన చిన్న గాటునుండి నెత్తురు కారుట ఎన్ని నిమిషములకు ఆగునో తెలుపును. రెండవది, బయటికి తీసిన నెత్తురు ఎన్ని నిమిషములకు గడ్డకట్టునో తెలుపును. రెండును సరిగా ఉన్నవని చీటీలో చూడగానే ఇంటివారు కుదుటపడుదురు. ఇక కాన్పులో నెత్తురు పోవునను భయము లేదని తలంతురు.

ఈ నమ్మకము సరియైనది కాదు. కాన్పు తరువాత విపరీతముగా రక్తము పోయిన స్త్రీలలో చాలమందికి అంతకుముందు చేసిన గడ్డకట్టు పరీక్షలు సరిగానే ఉండును. అట్లయినచో ఈ పరీక్షలు వ్యర్థమా? వ్యర్థము కావు. వానిని ఎప్పుడు చేయవలెను, అవి దేనికి సమాధానము చెప్పును, దేనికి చెప్పలేవు అను సంగతులు తెలిసియుండవలెను. ఇది వైద్యులకు మాత్రమే పనికివచ్చు విషయము కాదు. ప్రపంచములో ఏటేట సుమారు 1 కోటి 40 లక్షలమంది స్త్రీలకు కాన్పు తరువాత అధిక రక్తస్రావము కలుగుచున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అంచనా కట్టినది. వారిలో పదుల వేలమంది ప్రాణములు కోల్పోవుచున్నారు. వీనిలో పెక్కు మరణములు ఆపదగినవే.

రెండు కాపుదలలు

నిండు నెలలలో గర్భాశయమునకు నిమిషమునకు 500 నుండి 700 మిల్లీలీటర్ల రక్తము ప్రవహించుచుండును. మాయ అంటియున్న చోట నూరు వరకు మెలికలు తిరిగిన ధమనులు తెరచుకొని యుండును. బిడ్డ పుట్టి మాయ ఊడిపోగానే ఆ ధమనుల నోళ్లన్నియు ఒక్కసారిగా బయటపడును. ఏ అడ్డును లేనిచో శరీరములోని రక్తమంతయు కొద్ది నిమిషములలో బయటికి పోవలసినదే. అట్లు పోకుండ ప్రకృతి రెండు కాపుదలలు ఏర్పఱచినది.

మొదటిది గర్భాశయ కండరము. దీని నారలు ఒకదానితో నొకటి అల్లుకొని యుండును. రక్తనాళములు ఆ అల్లిక సందులలోనుండి పోవును. మాయ పడగానే కండరము గట్టిగా ముడుచుకొనును; ఆ నారలు రక్తనాళములను దారముతో బిగించి కట్టినట్లు నొక్కివేయును. గోనెసంచి మూతికి వేసిన త్రాడును లాగి బిగించిన తీరు ఇది. ఈ పని కొన్ని క్షణములలో జరుగును.

రెండవది రక్తము గడ్డకట్టుట. నొక్కబడిన నాళముల నోళ్లలో గడ్డలు ఏర్పడి వానిని మూసివేయును. ఈ పనికి కొంత వ్యవధి పట్టును.

అధిక రక్తస్రావమునకు కారణము నూటికి 70 సందర్భములలో మొదటి కాపుదల తప్పుటయే. అనగా గర్భాశయము ముడుచుకొనక మెత్తగా ఉండిపోవుట. సుమారు 20 సందర్భములలో కాన్పు మార్గము చిరుగుటయు, సుమారు 10 సందర్భములలో మాయ ముక్క లోపల మిగిలిపోవుటయు కారణములు. రక్తము గడ్డకట్టకపోవుటయే మూలకారణమైన సందర్భములు నూటికి ఒకటి మాత్రమే. కాన్పుకు ముందు చేయు బి.టి., సి.టి. ఈ ఒక్క సందర్భమునకు సంబంధించినవి. గర్భాశయము సరిగా ముడుచుకొనునో లేదో ఏ రక్తపరీక్షయు చెప్పజాలదు.

అయితే ఇక్కడ ఒక ముఖ్యవిషయము కలదు. మూలకారణము ఏదైనను, రక్తము ఎక్కువగా పోయినకొలది గడ్డకట్టుటకు కావలసిన పదార్థములు కూడ దానితో పోవును; మిగిలినవి గడ్డలు కట్టుటలో ఖర్చగును. కావున మొదటి కాపుదల తప్పినచో కొంతసేపటికి రెండవదియు తప్పును. అప్పుడు పరీక్షల అవసరము వచ్చును.

గడ్డ ఎట్లు కట్టును?

రక్తములో ఫైబ్రినోజన్ అను మాంసకృత్తు కరిగియుండును. గాయమైన చోట మొదట రక్తఫలకికలు గుంపుగూడి అంటుకొనును. తరువాత రక్తములోని అనేక కారకములు ఒకటి రెండవదానిని, రెండవది మూడవదానిని మేల్కొల్పుచు పోయి, చివరకు త్రాంబిన్ అను పదార్థము పుట్టును. అది ఫైబ్రినోజన్‌ను ఫైబ్రిన్ అను సన్నని పోగులుగా మార్చును. ఆ పోగులు సాలెగూటివలె వల అల్లుకొని, ఎఱ్ఱకణములను పట్టుకొనును. అదియే మనము చూచు గడ్డ. ఈ వరుసకు ఆంగ్లదేశపు శాస్త్రజ్ఞుడు మెక్‌ఫర్లేన్, అమెరికాకు చెందిన డేవీ, రాట్నాఫ్ 1964లో వేర్వేరుగా ఒకే విధమైన చిత్రమును గీసి చూపిరి. నీరు మెట్టునుండి మెట్టుకు దుముకు జలపాతముతో వారు దీనిని పోల్చిరి.

గర్భిణి శరీరము కాన్పునాటి నష్టమునకు ముందుగానే సిద్ధపడును. మామూలు స్త్రీలో లీటరు రక్తద్రవమునకు 2 నుండి 4 గ్రాముల ఫైబ్రినోజన్ ఉండగా, నెలలు నిండిన గర్భిణిలో అది 4 నుండి 6 గ్రాములకు పెరుగును. రక్తపు పరిమాణము కూడ 40 నుండి 50 శాతము అధికమగును. అందువలన ఆరోగ్యవంతురాలు కాన్పులో అర లీటరు వరకు రక్తము పోయినను తట్టుకొనగలదు.

పరీక్షలు, వాని హద్దులు

గాటు వేసి చూచు పరీక్షను అమెరికా వైద్యుడు డ్యూక్ 1910లో ప్రవేశపెట్టెను. గాజు గొట్టములో రక్తము గడ్డకట్టు కాలమును కొలుచు పద్ధతిని లీ, వైట్ అనువారు 1913లో ప్రకటించిరి. బి.టి., సి.టి. పరీక్షలకు మూలములు ఇవియే. గాటు ఎంత లోతు, చర్మము ఎంత వెచ్చన, చూచువాడు ఎంత నేర్పరి అనుదానిని బట్టి వీని ఫలితము మారుచుండును. అంతేకాక, గడ్డకట్టు కారకములు చాల తగ్గినగాని సి.టి. పెరుగదు. కొద్దిపాటి లోపములు దీనికి చిక్కవు.

ఇంతకంటె నిశితమైన పరీక్షలు తరువాత వచ్చినవి. క్విక్ 1935లో ప్రోత్రాంబిన్ కాలమును, క్లాస్ 1957లో ఫైబ్రినోజన్‌ను కొలుచు పద్ధతిని కనుగొనిరి. వీనికొఱకు 9 పాళ్ల రక్తమును 1 పాలు సోడియం సిట్రేట్ ద్రావణముతో కలిపి తీయుదురు. రక్తములోని కాల్షియమును సిట్రేట్ పట్టివేయుటచే గొట్టములో రక్తము గడ్డకట్టదు. పరీక్షాశాలలో మరల కాల్షియము కలిపి, గడ్డ కట్టుటకు పట్టు సెకనులను లెక్కింతురు. ప్రోత్రాంబిన్ కాలము మామూలుగా 11 నుండి 14 సెకనులు.

గొట్టములో జరుగునది, శరీరములో జరుగునది ఒకటే కాదనుటకు ఒక ప్రసిద్ధ నిదర్శనము కలదు. అమెరికాలో జాన్ హేజ్‌మన్ అను రైల్వే ఉద్యోగికి శస్త్రచికిత్సకు ముందు పరీక్షింపగా, అతని నెత్తురు గాజు గొట్టములో ఎంతకును గడ్డకట్టలేదు. కాని అతడు ఎన్నడును అధికముగా రక్తము కారి బాధపడినవాడు కాడు. గాజు తగులగానే మేల్కొను ఒక కారకము అతని రక్తములో లేదని రాట్నాఫ్ 1955లో తెలిపెను. దానికే హేజ్‌మన్ కారకమని పేరు. విచిత్రమేమనగా, అతడు 1968లో ఎముక విఱిగి మంచమున పడి, ఊపిరితిత్తులలో రక్తపు గడ్డ అడ్డుపడుటచే మరణించెను! పరీక్ష చెడినను మనిషికి రక్తస్రావము కలుగకపోవచ్చును. పరీక్ష బాగున్నను కలుగవచ్చును. పరీక్షను మనిషితో కలిపి చదువవలెను.

పాము నేర్పిన పాఠము

శ్రీకాళహస్తి పేరులో ‘శ్రీ’ సాలెపురుగనియు, ‘కాళ’ పామనియు, ‘హస్తి’ ఏనుగనియు స్థలపురాణము చెప్పును. సాలెగూటి వంటి ఫైబ్రిన్ వలను చూచితిమి. పాముకును రక్తము గడ్డకట్టు శాస్త్రమునకును గల సంబంధము ఇంకను దగ్గఱిది.

మన పొలములలో కనబడు రక్తపింజర కఱచినచో, దాని విషము గడ్డకట్టు వరుసలోని పదవ, అయిదవ కారకములను బలవంతముగా మేల్కొల్పును. శరీరమంతట సన్నని గడ్డలు కట్టి ఫైబ్రినోజన్ అంతయు ఖర్చయిపోవును. మిగిలిన రక్తము ఇక గడ్డకట్టదు. 18వ శతాబ్ది చివర విశాఖపట్టణములో నివసించిన పాట్రిక్ రస్సెల్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఈ పామును వర్ణించెను. 1796లో వెలువడిన ఆయన గ్రంథములో దీనికి ‘కాటుక రేకుల పొడ’ అను తెలుగు పేరే ఉన్నది. తరువాత శాస్త్రలోకము ఆ పామునకు రస్సెల్ పేరు పెట్టినది.

1934లో మెక్‌ఫర్లేన్, బార్నెట్ అనువారు ఈ విషమును మిక్కిలి పలుచన చేసి, రక్తస్రావరోగుల గాయములపై పూసి రక్తము ఆపవచ్చునని చూపిరి. పదేపదే గర్భము పోవు కొందఱు స్త్రీల రక్తములోని ఒక దోషమును కనుగొనుటకు నేటికిని పరీక్షాశాలలలో ఈ విషమునే వాడుచున్నారు.

పాముకాటు వైద్యములో నేటికిని ఒక సులభమైన పరీక్ష కలదు. 2 మిల్లీలీటర్ల నెత్తురును శుభ్రమైన పొడి గాజు గొట్టములో పోసి, 20 నిమిషములు కదలింపక ఉంచుదురు. తరువాత గొట్టమును వంచినపుడు నెత్తురు ఇంకను నీరువలె జారినచో, విషము రక్తమును చెఱచినదని అర్థము. ఇందుకు గాజు గొట్టమే కావలెను. ప్లాస్టిక్ గొట్టము పనికిరాదు. కారణము హేజ్‌మన్ కథలోనే ఉన్నది: గడ్డకట్టుటను ఆరంభించునది గాజు స్పర్శయే.

ప్రసవగృహములో గాజు గొట్టము

ఇదే సూత్రము బాలింతకును వర్తించును. మాయ కాన్పుకు ముందే ఊడిపోవుట, గర్భములో మరణించిన శిశువు చాలకాలము లోపలనే ఉండుట, ఉమ్మనీరు తల్లి రక్తములో చేరుట, గర్భవాతపు తీవ్రస్థితి మొదలగు సందర్భములలో, పాముకాటునందువలెనే ఫైబ్రినోజన్ శరీరములోనే ఖర్చయిపోవును. మాయ ముందుగా ఊడినవారికి తాత్కాలికముగా రక్తస్రావరోగము వంటి స్థితి కలుగునని అమెరికా వైద్యుడు డిలీ 1901లోనే వ్రాసెను.

అట్టి అనుమానము కలిగినపుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించు పద్ధతి ఇది. వైద్యుడుగాని నర్సుగాని 2 మిల్లీలీటర్ల రక్తమును చిన్న గాజు గొట్టములో తీసి, దేహపు వేడి తగులునట్లు పిడికిట పట్టుకొనవలెను. 4 నిమిషముల తరువాత మెల్లగా వంచి చూడవలెను. ఆపైన నిమిషమున కొకసారి చూచుచుండవలెను. 7 నిమిషములైనను గడ్డకట్టకున్నను, కట్టిన గడ్డ మెత్తనై విడిపోవుచున్నను, గడ్డకట్టు శక్తి తగ్గినదని గ్రహింపవలెను.

దీని విలువ కాలములో ఉన్నది. శ్రీకాళహస్తిలో ప్రభుత్వ ప్రాంతీయ ఆసుపత్రి కలదు. పెద్ద ప్రసూతి ఆసుపత్రి, వైద్యకళాశాల తిరుపతిలో ఉన్నవి. నడుమ దూరము 40 కిలోమీటర్లకు మించదు. కాని నిమిషమునకు 30 మిల్లీలీటర్ల చొప్పున నెత్తురు పోవుచున్న బాలింతకు ఆ ప్రయాణపు 45 నిమిషములలో 1350 మిల్లీలీటర్లు పోవును. పెద్ద పరీక్షాశాలకు పంపిన రక్తపు ఫలితము వచ్చుటకు సుమారు ఒక గంట పట్టుట వింత కాదు. ఫలితము చేతికి వచ్చునప్పటికి అది గడచిపోయిన గంట సంగతి చెప్పును. పిడికిటిలోని గాజు గొట్టము ఇప్పటి సంగతి చెప్పును. రక్తము సిద్ధము చేయుడని, తిరుపతికి తీసికొనివచ్చుచున్నామని ముందుగా కబురు చేయుటకు ఆ 7 నిమిషములు చాలును.

పరీక్షాశాల ఫలితములలో మిక్కిలి విలువైనది ఫైబ్రినోజన్ కొలత. రక్తస్రావములో మొట్టమొదట అడుగంటునది అదియే. ప్రోత్రాంబిన్ కాలము ఇంకను సరిగా ఉన్నప్పుడే ఇది పడిపోయి యుండవచ్చును. రక్తస్రావము మొదలైనపుడు ఫైబ్రినోజన్ లీటరుకు 2 గ్రాములు గాని అంతకు తక్కువగాని ఉన్నవారందఱును తీవ్రస్థితికి చేరిరని 2007లో ఫ్రాన్సు వైద్యులు ప్రకటించిరి. గర్భిణి కానివారికి 2 గ్రాములు మామూలు కొలతయే. బాలింతకు అది అపాయసూచన. కొలత ఒకటే అయినను అర్థము వేఱు.

కంటి అంచనా, కొలత

పరీక్షలకంటెను ముందు కావలసినది, ఎంత రక్తము పోయినదో తెలియుట. అర లీటరు దాటినచో అధిక రక్తస్రావమని లెక్క. కాని గుడ్డలలో ఇంకిన నెత్తురును కంటితో చూచి అంచనా వేయువారు ఎప్పుడును తక్కువగానే చెప్పుదురు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారికి ఈ సంగతి వింత కాదు. వారి కలమునకు చుట్టిన చిన్న ఉండ ఎంత రంగును పీల్చుకొని దాచుకొనునో పిండినగాని తెలియదు.

కర్ణాటకలోని బెళగావి వైద్యకళాశాలవారు అమెరికా పరిశోధకులతో కలిసి, బాలింత క్రింద పఱచుటకు కొలత గీతలు గల ప్లాస్టిక్ సంచిని తయారుచేసిరి. సంచితో కొలిచిన దానికంటె కంటి అంచనా 33 శాతము తక్కువగా ఉన్నదని 2006లో ప్రకటించిరి. ఇట్టి సంచితో కొలిచి, వెంటనే మర్దన, మందులు, సెలైను, తనిఖీ అన్నియు ఒకేసారి మొదలుపెట్టు పద్ధతిని ఆఫ్రికాలోని నాలుగు దేశములలో 80 ఆసుపత్రులయందు పరీక్షింపగా, విషమ పరిణామములు 60 శాతము తగ్గినవని 2023లో తెలిసినది. గొప్ప యంత్రమేదియు లేదు. గీతలు గల సంచి, ఆలస్యము లేని చేతులు.

మందులు, ఎండ, గడియారము

గర్భాశయమును ముడిపించు ముఖ్యమైన మందు ఆక్సిటోసిన్. బిడ్డ పుట్టగానే ప్రతి తల్లికిని దీనిని 10 యూనిట్లు ఇచ్చినచో రక్తస్రావము చాలవఱకు రాకుండ నివారింపవచ్చును. దీనిని 1953లో కృత్రిమముగా తయారుచేసిన డు విన్యో 1955లో నోబెల్ బహుమతి పొందెను. కాని దీనిని 2 నుండి 8 డిగ్రీల చల్లదనములో ఉంచవలెను. రాయలసీమ ఎండలలో బల్లపై వదలిన మందు క్రమముగా బలము కోల్పోవును. చీటీలో మందు ఇచ్చినట్లే ఉండును. గర్భాశయము మాత్రము ముడుచుకొనదు. అందుచేతనే వేడికి ఓర్చుకొను కార్బెటోసిన్, మాత్ర రూపమున దొరకు మిసోప్రోస్టాల్ వాడుకలోనికి వచ్చినవి.

కట్టిన గడ్డ కరగిపోకుండ కాపాడు మందు ట్రానెక్సామిక్ ఆమ్లము. జపాను శాస్త్రజ్ఞులైన ఒకమోతో దంపతులు, ఉతాకో, షోసుకే, దీనిని 1962లో లోకమునకు తెలిపిరి. 2017లో 21 దేశములలో 20 వేలమంది స్త్రీలపై జరిపిన పరిశీలన ఫలితములు వెలువడినవి. కాన్పయిన 3 గంటలలోపల ఈ మందు ఇచ్చినచో, రక్తస్రావము వలని మరణములు నూటికి 1.7 నుండి 1.2కు తగ్గినవి. 15 నిమిషముల ఆలస్యమునకు సుమారు 10 శాతము చొప్పున దీని ప్రయోజనము తగ్గిపోవును. 3 గంటలు దాటినపిమ్మట ప్రయోజనము కనబడలేదు. అందుచే పరీక్ష ఫలితమునకై ఎదురుచూచుచు ఈ మందును ఆపరాదు.

రక్తలేమి

ఒకే అర లీటరు రక్తము ఇద్దఱు స్త్రీలకు పోయినను ఇద్దఱి గతి ఒకటి కాదు. రక్తలేమి గల స్త్రీకి అది ప్రాణాపాయము కావచ్చును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్ గర్భిణులలో సగమునకు పైగా రక్తలేమి గలవారే. బొంబాయిలో గర్భిణుల రక్తలేమిని పరిశోధించిన లూసీ విల్స్, ఈస్టు సారములో దానిని కుదుర్చు పదార్థము కలదని 1931లో ప్రకటించెను. ఆ పదార్థమైన ఫోలిక్ ఆమ్లమును 1945లో కృత్రిమముగా తయారుచేసిన అమెరికా పరిశోధక బృందమునకు నాయకుడు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. నేడు ప్రభుత్వము గర్భిణులకు ఇచ్చు ఇనుము మాత్రలో ఆ ఫోలిక్ ఆమ్లమే ఉన్నది. ఆ మాత్రను 180 దినములు తప్పక వేసికొనుట, కాన్పునాడు చేయు ఏ పరీక్షకంటెను తక్కువ విలువ గలది కాదు.

పాఠశాలలో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు ఈ పాఠమును నెత్తురు లేకుండనే చూపవచ్చును. 500 మిల్లీలీటర్ల నీటిలో ఎఱ్ఱరంగు కలిపి, విద్యార్థులు చూడకుండ రెండు పాత చీరముక్కలపైనను, నేలపైనను, ఒక పళ్లెములోను పోయవలెను. ఎంత నీరు పోసితిమో ఒక్కొక్కరిని కాగితముపై వ్రాయుమనవలెను. తరువాత అసలు కొలత చెప్పి, తరగతి సగటును కట్టవలెను. పొడిగుడ్డను, తడిసిన గుడ్డను త్రాసులో తూచి, తేడాను గ్రాములలో కనుగొనవలెను. ఒక గ్రాము బరువు ఇంచుమించు ఒక మిల్లీలీటరుకు సమానము. కంటికంటె త్రాసు ఎంత నమ్మదగినదో పిల్లలకు తామే తెలిసికొందురు.

2004-06లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి లక్ష కాన్పులకు 154 మంది తల్లులు మరణింపగా, 2018-20 నాటికి నేటి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45కు దిగినది. ఆసుపత్రి కాన్పులు, 2005లో మొదలైన 108 వాహనములు, రక్తనిధులు, ఇనుము మాత్రలు ఇందుకు తోడ్పడినవి. మిగిలినవారిని కాపాడుటకు ఇంటివారు చేయదగిన పనులు కొన్ని కలవు. గర్భిణి రక్తవర్గమును ముందుగానే తెలిసికొనుట, రక్తమీయగల ఇద్దఱు బంధువులను సిద్ధముగా ఉంచుకొనుట, కాన్పును ఆసుపత్రిలో జరిపించుట, కాన్పయిన మొదటి గంటలలో బాలింత గుడ్డలు వెంటవెంటనే తడిసిపోవుచున్నను, ఆమెకు చెమట, దాహము, కళ్లు తిరుగుట కనబడినను వెంటనే నర్సును పిలుచుట. బి.టి., సి.టి. చీటీ బాగున్నదని ఆ పిలుపును ఒక్క నిమిషమైనను ఆపరాదు.